ఫోనులోని సేద్యం: మొదటి 28 రోజులు



ఈనాటి ప్రసంగం నారుమళ్ల గురించి కాదు, ఎరువుల మోతాదు గురించీ కాదు. ఒక ఆట గురించి. ఫోనులో ఆడే ఆట. "విస్తరణాధికారికి వేరే పని లేకపోయిందా?" అని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి గాని, చివరిదాకా వినండి. ఇందులో లెక్క వున్నది. ఆ లెక్క మన పొలానికీ పనికివస్తుంది.

సంగతి ఏమిటంటే, తొలకరికి ముందు రైతు వేదికలో విత్తనశుద్ధి గురించి చెప్పి బయటికి వస్తున్నాను. మా మండలంలో పసుపు, మొక్కజొన్న పండించే ఒక పెద్దాయన నన్ను ఆపి, "సారూ, మా పోరడు పట్నంల కొలువు ఇడిసిపెట్టి వచ్చిండు. ఎవుసం జేస్త అంటడు. పొద్దుందాక ఫోన్ల ఎవుసమే జేస్తుండు. జర మీరన్న చెప్పుండ్రి" అన్నాడు. సరేనని వాళ్ల ఇంటికి వెళ్లాను. పిల్లవాడు బుద్ధిమంతుడే. ఉద్యోగంలో నాలుగు లక్షలు కూడబెట్టాడు. ఆ పైకమంతా పెట్టి, వచ్చే నెలలోనే వెయ్యి నాటుకోళ్లకు షెడ్డు వెయ్యాలని అతని పట్టుదల. తండ్రికి నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం ఆట కాదు, ఆ షెడ్డే.

"తమ్ముడూ, ఆ ఆట ఒకసారి చూపించు" అన్నాను. చూపించాడు. అందులోనూ అతను చేసింది అదే పని! మొదటి కారులో సంపాదించిన పైకమంతా కోళ్ల గూటిలో పెట్టాడు. రెండో కారు వచ్చేసరికి విత్తనానికి చేతిలో కాసు లేదు. గూట్లో రెండు కోళ్లు, బయట బీడుపడిన నేల. ఆ ఆటను నేనూ నేర్చుకోవాలని అప్పుడే అనుకున్నాను. రాత్రి భోజనమయ్యాక గంటసేపు చొప్పున మూడు వారాలు ఆడాను. నేర్చుకున్నది మీకు చెబుతున్నాను.

ఆట పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. అమెరికాలో ఎరిక్ బారోన్ అనే ఆయన నాలుగేళ్లకు పైగా కూర్చుని, బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తానొక్కడే చేసి 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. 1996లో జపానులో వచ్చిన హార్వెస్ట్ మూన్ అనే సేద్యపు ఆట దీనికి ముందటి దారి. కథ చాలా చిన్నది. పట్నంలో ఒక కంపెనీలో పనిచేసే మనిషికి తాతగారి పొలం దక్కుతుంది. ఉద్యోగం వదిలి అక్కడికి పోతాడు. మన పెద్దాయన కొడుకుకు ఈ ఆట ఎందుకు నచ్చిందో వేరే చెప్పనక్కరలేదు గదా.

అక్కడ ఏడాదికి నాలుగు కార్లు: వసంతం, వేసవి, ఆకురాలు కాలం, శీతకాలం. ఒక్కొక్క కారు సరిగ్గా 28 రోజులు. చేతిలో 500 నాణేలు, గొడ్డలి, గుద్దలి, పలుగు, కొడవలి, నీళ్లు చల్లే రోజ్‌క్యాన్ వుంటాయి. ఊరి పెద్ద 15 పార్స్‌నిప్ విత్తనాలు ఉచితంగా ఇస్తాడు. పార్స్‌నిప్ అంటే కారట్ జాతికి చెందిన తెల్ల దుంప. నేల నిండా రాళ్లు, మొద్దులు, కలుపు. ఒక్కొక్క గడిని గుద్దలితో తవ్వి, విత్తనం వేసి, రోజూ నీళ్లు పొయ్యాలి. ఒంట్లో సత్తువ కూడా లెక్కే. రోజుకు 270 పాళ్లు వుంటుంది. ఒక గడి తవ్వితే 2 పోతాయి, నీళ్లు పోస్తే మరో 2 పోతాయి. నేల కావలసినంత వున్నది గదా అని ఆశపడి ఒక్కరోజే 60 గడులు తవ్వి తడిపారనుకోండి, 240 ఖర్చయి 30 మిగులుతుంది. ఇక ఆ రోజు రాళ్లు, మొద్దులు తొలగించడానికి శక్తి పెద్దగా మిగలదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొత్తగా ఆడేవాడు దుకాణంలోకి పోగానే ధరలు చూస్తాడు. పార్స్‌నిప్ విత్తనం 20 నాణేలు. 4 రోజుల్లో చేతికొస్తుంది, 35కు అమ్ముడుపోతుంది. కాలిఫ్లవరు విత్తనం 80. 12 రోజులకు కోత, 175 ధర. "పార్స్‌నిప్‌లో మిగిలేది 15, కాలిఫ్లవరులో మిగిలేది 95. ఇంకా ఆలోచన దేనికి?" అని వున్న డబ్బంతా పెట్టి ఆరు కాలిఫ్లవరు విత్తనాలు కొంటాడు. పన్నెండు రోజులు ఆ ఆరు మొక్కల చుట్టూ తిరుగుతాడు. పొరపాటు అక్కడే.

లెక్క రెండు రకాలుగా వెయ్యాలి. ఒకటి, గడికి ఎంత మిగిలింది అని. పన్నెండు రోజుల్లో ఒక గడిలో పార్స్‌నిప్ మూడు పంటలు వేస్తే మిగిలేది 45, కాలిఫ్లవరు వేస్తే 95. ఈ లెక్కన కాలిఫ్లవరే మేలు. రెండోది, పెట్టిన పైకానికి ఎంత వచ్చింది అని. 100 నాణేలు కాలిఫ్లవరులో పెడితే పన్నెండు రోజులకు సుమారు 219 అవుతుంది. అదే 100 నాణేలు పార్స్‌నిప్‌లో పెడితే నాలుగు రోజులకు 175. ఆ 175ను మళ్లీ పెడితే ఎనిమిదో రోజుకు 306. మళ్లీ పెడితే పన్నెండో రోజుకు 535! చిన్న పంట మూడుసార్లు తిరిగి పెద్ద పంటను దాటిపోయింది.

ఈ రెండు లెక్కల్లో ఏది నమ్మాలి? ఏది కొరతగా వున్నదో దాని లెక్క నమ్మాలి. మొదటి వారంలో నేలకు కొరత లేదు, సత్తువకూ అంత కొరత లేదు, కొరత పైకానికే. అందువల్ల పైకం త్వరగా తిరిగే పంట వెయ్యాలి. పదిరోజులు పోయాక చేతిలో డబ్బు ఆడుతుంది, అప్పుడు నీళ్లు పొయ్యలేక చేతులు పడిపోతాయి. అప్పటినుంచి గడికి ఎక్కువ మిగిల్చే పంటకు మారాలి. మన దగ్గరా ఇంతే. తోటకూర, మెంతికూర నెలలోపే చేతికొస్తాయి. పసుపు ఎనిమిది, తొమ్మిది నెలలు పైకాన్ని భూమిలోనే పట్టి వుంచుతుంది. చేతిలో నిల్వ లేని రైతు వున్న నేలంతా పసుపు వేస్తే నడుమ ఇల్లు గడవడానికి అప్పు చెయ్యక తప్పదు. పసుపు చెడ్డ పంట అని కాదు, సుమా. నాలుగు గుంటల్లో కూరాకు వుంటే ఆ తొమ్మిది నెలలు గడుస్తాయి.

ఇక తేదీలవారీగా చెబుతాను. మొదటి రోజున ఉచితంగా వచ్చిన 15 విత్తనాలకు తోడు 400 పెట్టి మరో 20 కొనండి, 35 గడులు వెయ్యండి. 100 నాణేలు దగ్గర వుంచుకోండి. దుకాణం తొమ్మిదింటికి తెరుస్తారు, సాయంత్రం అయిదింటికి మూస్తారు. బుధవారం సెలవు. ఈ బుధవారం సంగతి తెలియక విత్తనం లేకుండా తిరిగివచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మూడో రోజున వాన తప్పకుండా పడుతుంది గనుక ఆనాడు నీళ్లు పొయ్యనక్కరలేదు. మిగిలిన సత్తువను పొలం బాగుచెయ్యడానికి వాడండి.

ఈ నాలుగు రోజులూ ఊరి చుట్టూ, అడవి అంచున తిరగండి. నేలమీద తమంత తామే మొలిచిన లీక్ కాడలు దొరుకుతాయి. ఒక్కొక్కటి 60 పలుకుతుంది, పార్స్‌నిప్ కన్నా ఎక్కువ! డాఫడిల్ పువ్వుకు 30. రెండో రోజున ఒక జాలరి గాలం ఇస్తాడు, చేపలు పట్టుకోవచ్చు. మదుపు లేని రాబడి ఇదే. మా నాయనమ్మ చేను గట్లమీద పొనగంటికూర కోసి ఇల్లు గడిపేది. ఇది ఆడుతుంటే అదే జ్ఞాపకం వచ్చింది.

అయిదో రోజు పొద్దున్నే కోత. ఇక్కడ ఒక మెలకువ. ఇంటి దగ్గరున్న పెట్టెలో పంట వేస్తే డబ్బు మర్నాడు పొద్దున వస్తుంది. దుకాణానికి తీసుకుపోయి అమ్మితే అప్పటికప్పుడే వస్తుంది, అక్కడే విత్తనం కొనుక్కోవచ్చు. ఒక దుంప దాచి 34 అమ్మితే 1190. దగ్గరున్న 100 కలిపితే 1290. ఇందులో 1000 పెట్టి 20 బంగాళాదుంప విత్తనాలు కొనండి. 50కి కొన్న విత్తనం 6 రోజుల్లో 80 ఇస్తుంది, కొన్ని మొక్కలకు ఒకటికి మించి దుంపలు దొరుకుతాయి. ఒక కాలిఫ్లవరు, ఒక చిక్కుడు కూడా వెయ్యండి. ఊళ్లో పాడుపడిన సంఘ భవనం ఒకటి వున్నది, దాన్ని బాగుచెయ్యడానికి ఒక్కొక్క పంటలోంచి ఒకటి ఇవ్వాలి. దుంప దాచమన్నది అందుకే. ఇంకా 150 మిగిలివుంటుంది.

మొదటి కోత అయ్యాక దిష్టిబొమ్మ చేసే విధానం తెలుస్తుంది. 50 కట్టెలు, 20 పాళ్లు నార, ఒక బొగ్గు చాలు. వెంటనే పెట్టండి. కాకులు అక్కడా వున్నాయి!

పదకొండో రోజున బంగాళాదుంపలు. ఒకటి దాచి 19 అమ్మితే తక్కువలో తక్కువ 1520, మొత్తం 1670 చేతికి వస్తుంది. పదమూడో తేదీన ఊళ్లో గుడ్ల పండుగ. స్ట్రాబెర్రీ విత్తనం ఆ పండుగ అంగడిలో అమ్ముతారు, ఒకటి 100. తెలియనివాళ్లు పండుగకు చేతులూపుకుంటూ పోతారు. మీరు పైకంతో పోయి 15 కొనండి. ఇంటికి వచ్చేసరికి రాత్రి పది అవుతుంది. ఆ చీకట్లో నాటాలని హైరానా పడవద్దు. 16వ తేదీ లోపల ఎప్పుడు నాటినా రెండు కోతలే వస్తాయి. నాటిన 8 రోజులకు మొదటి కోత, ఆపైన 4 రోజులకొకటి, పండు 120 ధర. 13 రాత్రే నాటినవాళ్లకు 21న, 25న కోతలు. రెండు కోతలకు కలిపి 3600.

కారు ముగింపు తేదీ మరవకండి. 28 దాటితే వసంతం పంటలన్నీ ఒక్క రాత్రిలో ఎండిపోతాయి. పార్స్‌నిప్‌కు ఆఖరు తేదీ 24, బంగాళాదుంపకు 22, కాలిఫ్లవరుకు 16. పదేళ్లుగా "అదను దాటాక విత్తవద్దు" అని మీకు చెప్పే నేను, 18వ తేదీన పది కాలిఫ్లవర్లు వేశాను. రెండు రోజుల తేడాతో 800 నాణేలు పోయాయి. ఇంట్లో మావాళ్లు ఇప్పటికీ దెప్పుతున్నారు.

ఈ ఆటలో టెలివిజను కూడా వున్నది. రోజూ మర్నాటి వాతావరణం చెబుతుంది. సోమ, గురువారాల్లో సేద్యపు కార్యక్రమం వస్తుంది. మన రేడియో ప్రసంగం వంటిదే. నాకెంత సంతోషమైందో చెప్పలేను! వినకుండా మార్చేసే వీలు మాత్రం అక్కడా వున్నది. రేపు వాన అని తెలిస్తే, ఈరోజు నీళ్లు పోసేసి రోజ్‌క్యాన్‌ను కమ్మరికి ఇవ్వొచ్చు. పెద్దది చెయ్యడానికి రెండు రోజులు పడుతుంది. ఇందుకు రాగి కడ్డీలు, 2000 నాణేలు కావాలి గనుక మొదటి కారులో తొందరపడకండి.

ఇప్పుడు కోళ్ల దగ్గరికి వద్దాం. వసంతం ఆఖరుకు మీ చేతిలో 3600, దానికి అటూ ఇటూ చిల్లర వుంటుంది. కోళ్ల గూటికి 4000 నాణేలు, 300 కట్టెలు, 100 రాళ్లు కావాలి. కోడిపిల్ల ఒకటి 800. ఇంకాసిని చేపలు పట్టి ఎలాగో సమకూర్చుకోవచ్చు. మన పిల్లవాడు చేసింది ఇదే. గుడ్డు ధర 50. పచ్చగడ్డి లేనప్పుడు కోడికి రోజుకు ఒక గడ్డికట్ట కావాలి, అంగట్లో దాని ధరా 50. అంటే మేత కొని పెంచితే గుడ్డు అమ్మిన డబ్బు గడ్డికే సరి! లాభం రావాలంటే గడ్డి సొంతం కావాలి. గడ్డి నిల్వ చేసే గాదెకు 100 నాణేలు, 100 రాళ్లు, 10 బంకమన్ను ముద్దలు, 5 రాగి కడ్డీలు చాలు. అందులో 240 కట్టలు పడతాయి. గాదె కట్టకముందు కొడవలితో కోసిన గడ్డి ఎందుకూ కాకుండా పోతుంది. ఆ పిల్లవాడు పొలం శుభ్రంగా వుండాలని మొదటి వారంలోనే గడ్డంతా కోసిపారేశాడు. శీతకాలంలో బయట గడ్డి మొలవదు. నాలుగు కోళ్లుంటే 28 రోజులకు 112 కట్టలు ముందే దాచుకోవాలి.

కోళ్లను నాలుగు వారాలు వాయిదా వేస్తే ఏమవుతుందో చూడండి. వేసవి మొదటి రోజున 3200 పెట్టి 40 బ్లూబెర్రీ విత్తనాలు కొనండి. 13 రోజులకు, అంటే 14వ తేదీన మొదటి కోత, తర్వాత 18, 22, 26 తేదీల్లో. చెట్టుకు మూడు పండ్లు, పండు 50. ఒక్క కోతకు 6000. నాలుగు కోతలకు 24,000! నీళ్లకు రోజుకు 80 పాళ్ల సత్తువ చాలు. 14వ తేదీ కోత డబ్బులోంచి 4000 తీసి గూడు కట్టుకోండి, ఎవరు వద్దన్నారు? అది కోత డబ్బు. అంతకు ముందరిది విత్తనం డబ్బు. ఈ రెండింటినీ ఒకే సంచిలో వెయ్యకూడదని నేను ఆ పిల్లవాడికి చెప్పాను.

అతను కాసేపు లెక్క చూసుకుని, "అయితే సార్, నా షెడ్డు గురించి గూడ ఇట్లనే అంటరా?" అన్నాడు.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడవలసి వచ్చింది. ఎందుకంటే ఆట ఆటే. అందులో ధర పడిపోదు. ఒక్కరోజున వెయ్యి బ్లూబెర్రీలు తెచ్చి పోసినా ఒక్కొక్కటి 50కే కొంటారు. మదనపల్లె మార్కెట్టుకు టమాటా తోలిన రైతుల మాట వినండి. 2023 జూలైలో కిలో వంద దాటిన కాయను, మరో ఏడు కోతకూలి రాక తోటలోనే వదిలేసిన రోజులున్నాయి. ఆటలో అప్పు లేదు, వడ్డీ లేదు, కౌలు లేదు. నకిలీ విత్తనం లేదు. పురుగుమందు కొట్టే అవసరమే రాదు. కోళ్లకు కొక్కెర తెగులు రాదు. మన దగ్గర టీకా వెయ్యకపోతే ఆ తెగులు మందనంతా తుడిచిపెట్టేస్తుంది. కాబట్టి ఆటలో గెలిచినవాడు పొలంలో గెలుస్తాడని నేను చెప్పను. కాని ఇన్ని సుఖాలున్న ఆటలోనే విత్తనం డబ్బు కోళ్లలో పెట్టినవాడు బీడు చూస్తున్నాడు గదా. అదే తప్పు పొలంలో చేస్తే మళ్లీ మొదటినుంచి ఆడదామంటే కుదరదు.

కోళ్ల పెంపకంలో నూటికి అరవై, డెబ్బై రూపాయలు మేతకే పోతాయి. వెయ్యి కోళ్లకు షెడ్డు వేసి నాలుగు లక్షలూ గోడలకు, రేకులకు పెడితే, కోళ్లు అమ్మకానికి వచ్చేదాకా మేత దేనితో కొంటాడు? ఈ ప్రశ్న నేను అడగలేదు. గడ్డికట్ట లెక్క చూపించిన తర్వాత అతనే అడిగాడు. కాగితం తెచ్చుకుని, షెడ్డు ఖర్చు ఒక పక్క, నెలవారీ మేత ఒక పక్క వేసుకున్నాడు. వాళ్ల నాన్నను పిలిచి మొక్కజొన్న ఎన్ని బస్తాలు ఇంట్లో వున్నదీ కనుక్కున్నాడు. తండ్రీకొడుకులు షెడ్డు విషయమై అరవకుండా మాట్లాడుకోవడం నేను ఆ రోజే చూశాను.

విస్తరణ పనిలో వున్న మిత్రులకు ఒక్క మాట. పట్నం నుంచి తిరిగివచ్చే పిల్లలు అక్కడక్కడ కనబడుతున్నారు. ఫోను చూస్తున్నారని విసుక్కోకుండా, ఏం ఆడుతున్నారో అడగండి. పంట కాలం, పెట్టుబడి తిరిగే వేగం వంటివి బోర్డుమీద రాస్తే ఆవలించే పిల్లవాడు, తన ఆటలో తప్పెక్కడ జరిగిందో చెబితే కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. మీకు ఆట రాకపోతే వాళ్లనే నేర్పమనండి. నాకైతే మూడు వారాలు పట్టింది.

ఆ పిల్లవాడు వెయ్యి కోళ్ల మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాడు. పాత పశువుల కొట్టానికి జాలీ కొట్టించి 50 పిల్లలు తెచ్చాడు. టీకాల తేదీలు గోడమీద రాసుకున్నాడు. రెండు గుంటల్లో మెంతికూర, తోటకూర చల్లాడు, మొదటి కోత అంగడికి తనే మోసుకుపోయాడు. మిగతా పైకం బ్యాంకులోనే వున్నది. పెద్దాయన మాత్రం నేను కనబడితే చాలు, నలుగురిలో ఆపి, "సారూ, మీరు గూడ ఆడుతున్నరట గద, ఎంతదాక వచ్చింది మీ ఎవుసం?" అని అడుగుతున్నాడు.